ఓడిన జట్టుకూ మళ్లీ మ్యాచ్ కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ పాఠకుల ఉత్తరాల్లో ఒక పెద్దాయన రాసింది చదివాను. స్కూలు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లు జిల్లా దాటి వెళ్లి ఎనిమిదేసి, తొమ్మిదేసి గోల్స్ తిని వస్తున్నాయని, గెలవలేని జట్టుకు బస్సు ఛార్జీలు, భోజనం ఖర్చులు ఎందుకని, అదే డబ్బు గెలిచే ఆటలకు పెడితే నాలుగు మెడల్స్ అయినా వస్తాయని ఆయన రాశారు. ఆయన చెడ్డ ఉద్దేశంతో రాయలేదని నాకు తెలుసు. పిల్లలు తలలు దించుకుని బస్సు దిగుతుంటే చూసి బాధపడి రాసినట్టే ఉంది. కానీ ఈ మాట ఆయన ఒక్కరిదే అయితే నేను పెన్ను పట్టుకునేదాన్ని కాదు. స్టాఫ్ రూముల్లో, పేరెంట్స్ మీటింగుల్లో, సెలక్షన్స్ జరిగే చోట టెంటు కింద కూర్చున్న పెద్దల నోట కూడా ఇదే వింటున్నాను.

నేను చిత్తూరుకు దగ్గర్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తాను. ఉత్తరం కొంచెం పొడుగవుతుంది, ఏమీ అనుకోవద్దు. స్థలం సరిపోక కత్తిరించాల్సి వస్తే నా సొంత సంగతులు తీసేయండి, జాంబియా సంగతి మాత్రం ఉంచండి.

జాంబియా ఆఫ్రికా ఖండంలో దక్షిణం వైపున్న దేశం. చుట్టూ ఎనిమిది దేశాలు, ఎటు వెళ్లినా సముద్రం తగలదు. రాగి గనుల మీద బతికే దేశం కాబట్టి అక్కడి ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టును కాపర్ క్వీన్స్ అంటారు. జనాభా రెండు కోట్ల చిల్లర, మన రాష్ట్రంలో సగం కూడా లేదు. డబ్బున్న దేశం కూడా కాదు. ఆ జట్టు 2021లో మొదటిసారి ఒలింపిక్స్‌కు వెళ్లింది. అదైనా ఊరికే రాలేదు, కామెరూన్‌తో చివరి అర్హత పోరులో అక్కడ 3-2తో ఓడి, సొంత గడ్డ మీద 2-1తో గెలిచి, రెండు మ్యాచ్‌లు కలిపితే 4-4 అయితే అవతలి వాళ్ల గడ్డ మీద ఎక్కువ గోల్స్ కొట్టిన లెక్కలో బయటపడింది. మధ్యలో కరోనా వచ్చి ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడ్డాయి. అన్నీ దాటుకుని జపాన్ చేరితే మొదటి మ్యాచ్ నెదర్లాండ్స్‌తో.

జులై 21న జరిగింది ఆ మ్యాచ్. నెదర్లాండ్స్ 10, జాంబియా 3. నెదర్లాండ్స్ అమ్మాయి మీడెమా ఒక్కతే నాలుగు గోల్స్ కొట్టింది. ప్రపంచమంతా చూస్తున్న ఒలింపిక్స్‌లో, దేశం తరఫున తొలి మ్యాచ్‌లో, పది గోల్స్.

ఆ స్కోరు ఒక్కటే చూసినవాళ్లు జాంబియాను ఆ రోజే మర్చిపోయి ఉంటారు. నేను స్కోరు కింద గోల్స్ కొట్టినవాళ్ల పేర్లు చూశాను. జాంబియా మూడు గోల్సూ ఒకే అమ్మాయివి, కెప్టెన్ బార్బ్రా బండా, అప్పటికి 21 ఏళ్లు. మూడు రోజుల తర్వాత చైనాతో మ్యాచ్. పది గోల్స్ తిన్న జట్టు ఎలా ఆడుతుందనుకుంటాం? వెనక్కి వెళ్లి గోల్ ముందు గుంపుగా నిలబడి, ఈసారి ఐదుతో పోతే చాలని మొక్కుకుంటుందనుకుంటాం. వీళ్లు అలా ఆడలేదు. మ్యాచ్ 4-4తో ముగిసింది. చైనా నాలుగు గోల్సూ వాంగ్ షువాంగ్ కొడితే, జాంబియా వైపు బండా మళ్లీ మూడు కొట్టింది. ఒకే ఒలింపిక్స్‌లో వరసగా రెండు హ్యాట్రిక్‌లు కొట్టిన మొదటి ఆడమనిషి ఆమే. మూడో మ్యాచ్‌లో బ్రెజిల్ మీద ఓడినా ఒకే ఒక్క గోల్ ఇచ్చారు, అదీ గోల్‌కీపర్ దెబ్బ తగిలి బయటికి వెళ్లాక, ఒకరు రెడ్ కార్డుతో తగ్గాక. పది నుంచి నాలుగుకు, నాలుగు నుంచి ఒకటికి వచ్చారు, వారం రోజుల్లోపే. ఏ ట్రైనింగ్ క్యాంపులోనూ ఇంత త్వరగా ఇంత మార్పు రాదని ఆట నేర్పే ఎవరిని అడిగినా చెబుతారు. పెద్ద జట్లతో ఆడటమే ఆ ట్రైనింగ్.

ఆ పది గోల్స్ తిన్న గోల్‌కీపర్ పేరు హేజెల్ నాలి. మన దగ్గరైతే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు, ఆ పిల్ల పేరుకు ముందు 'పది' అని చేర్చి పిలిచేవాళ్లు. అక్కడ ఆమెను తీసేయలేదు. మరుసటి ఏడాది మొరాకోలో జరిగిన మహిళల ఆఫ్రికా కప్‌లో సెనెగల్‌తో క్వార్టర్ ఫైనల్ పెనాల్టీల దాకా వెళ్తే ఆ రోజు గోల్‌లో నిలబడింది నాలీనే. ఆ షూటౌట్ గెలిచి జాంబియా ప్రపంచకప్‌కు అర్హత సాధించింది. సముద్ర తీరం లేని ఆఫ్రికా దేశాల్లో సీనియర్ ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు వెళ్లిన మొదటి దేశం అదే, మగవాళ్ల జట్లను కలుపుకున్నా సరే. అదే టోర్నీలో మూడో స్థానం కోసం నైజీరియాతో ఆడి 1-0తో గెలిచారు. 2018 ఆఫ్రికా కప్‌లో ఇదే నైజీరియా వీళ్లకు నాలుగు గోల్స్ కొట్టింది, వీళ్లు ఒక్కటీ కొట్టలేకపోయారు. నాలుగేళ్లలో లెక్క తిరగబడింది.

ఆ 2022 టోర్నీలో బండా ఆడలేదు. ఆమె శరీరంలో హార్మోన్ల స్థాయి నిబంధనలకు లోబడి లేదని పోటీలకు దూరంగా ఉంచారు. తర్వాత ప్రపంచకప్, మరో ఒలింపిక్స్ ఆడింది అనుకోండి, కానీ ఒక ఆడపిల్ల ఒళ్లు గురించి ప్రపంచమంతా చర్చ పెడితే ఆ పిల్లకు ఎలా ఉంటుందో మనకు తెలియని సంగతి కాదు. పక్కనే తమిళనాడు శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో రజతం గెలిస్తే, లింగ పరీక్ష పేరు చెప్పి ఆ పతకం లాగేసుకున్నారు. ఆ అమ్మాయిని అప్పట్లో ఆదుకున్నవాళ్లు తక్కువ, మాటలన్నవాళ్లు ఎక్కువ. బండా జట్టు మాత్రం ఆమె లేకుండానే మూడో స్థానం తెచ్చింది, ఆమె తిరిగొచ్చాక కెప్టెన్సీ మళ్లీ ఆమెకే ఇచ్చింది. అదే 2022లో ఆఫ్రికా దక్షిణ భాగంలోని దేశాల టోర్నీ ఫైనల్లో దక్షిణాఫ్రికాను 1-0తో ఓడించి మొదటిసారి ఆ కప్ గెలిచారు.

2023లో ప్రపంచకప్‌కు ముందు జర్మనీ వెళ్లి ఫ్రెండ్లీ మ్యాచ్ ఆడారు. జర్మనీ అప్పుడు ప్రపంచ ర్యాంకుల్లో రెండో స్థానంలో ఉంది, జాంబియా 77లో. జాంబియా రెండు గోల్స్ ముందుంటే జర్మనీ చివర్లో రెండూ కొట్టి సమం చేసింది. ఇంక అయిపోయిందనుకున్నాక, 90 నిమిషాలు దాటి ఇంకో పన్నెండో నిమిషంలో బండా కొట్టింది. 3-2. నేను ఆ గోల్ వీడియో మా పిల్లలకు ఫోన్‌లో చూపించాను. ఇంటర్వెల్‌లో పదిమంది ఒక ఫోను మీద పడి చూశారు, మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారు.

ప్రపంచకప్‌లో మళ్లీ దెబ్బలే తగిలాయి. మొదటి మ్యాచ్‌కు ముందే నాలి మోకాలు దెబ్బతింది. జపాన్ ఐదు గోల్స్ కొట్టింది, ఆ మ్యాచ్‌లో రెండో గోల్‌కీపర్ రెడ్ కార్డుతో పోయింది. తర్వాత స్పెయిన్ ఐదు కొట్టింది, ఆ ఏడాది కప్పు గెలిచింది ఆ స్పెయినే. రెండు మ్యాచ్‌లు, పది గోల్స్, ఒక్కటీ కొట్టలేదు, ఇంటికి టికెట్ ఖాయమైపోయింది. మూడో మ్యాచ్ కోస్టారికాతో. గెలిచినా ముందుకు వెళ్లే దారి లేదు. అయినా మొదలైన రెండు నిమిషాల పదకొండు సెకన్లకే కార్నర్ నుంచి వచ్చిన బంతిని డిఫెండర్ లుషోమో మ్వీంబా గోల్‌లోకి తన్నేసింది, ఆ ప్రపంచకప్ మొత్తంలో అతి త్వరగా పడిన గోల్ అది. తర్వాత బండా పెనాల్టీ కొట్టింది, మహిళల ప్రపంచకప్ చరిత్రలో అది వెయ్యో గోల్. ఆఖర్లో రేచెల్ కుందనంజి మూడోది కొట్టింది. 3-1తో గెలిచి ఇంటికెళ్లారు.

2024 పారిస్ ఒలింపిక్స్ గురించి కూడా చెప్పకుండా ఉండలేను. ఆస్ట్రేలియాతో మ్యాచ్‌లో 5-2తో ముందుండి, చివరికి 6-5తో ఓడారు. ఆ రోజు కూడా బండా హ్యాట్రిక్ కొట్టింది. ఆ మ్యాచ్ ఓడినందుకు నాకు ఏడుపొచ్చింది. మూడు గోల్స్ ముందున్నప్పుడు బంతి ఎలా పట్టుకుని ఉండాలో, ఎప్పుడు ఆట నెమ్మది చెయ్యాలో వాళ్లకింకా రాలేదు. అది కూడా ఆడితేనే వస్తుంది. 2025 జులైలో ఆఫ్రికా కప్ క్వార్టర్ ఫైనల్లో నైజీరియా చేతిలో 5-0తో ఓడారు, అది కూడా దాచను. మూడేళ్ల కిందట ఓడించిన జట్టే అంత తేడాతో ఓడించింది. ఆట అంటే ఇలాగే ఉంటుంది, పైకి మాత్రమే వెళ్లే మెట్లు ఏ జట్టుకూ లేవు.

మరి ఆ దేశంలో ఏం చేశారని పెద్దాయన అడగొచ్చు. నాకు అర్థమైనంతవరకు ఇది గొప్ప స్టేడియాల వల్లో, విదేశీ కోచ్‌ల వల్లో వచ్చింది కాదు. పిల్లలకు మ్యాచ్‌లు దొరికాయి. 2014లో వాళ్ల అండర్-17 అమ్మాయిలు కోస్టారికాలో ప్రపంచకప్ ఆడారు. బండా ఆ జట్టులో ఉంది, ఆ టోర్నీ జరుగుతుండగానే ఆమెకు 14 ఏళ్లు నిండాయి. అంటే మన లెక్కలో తొమ్మిదో తరగతి పిల్ల. దేశంలో ఆర్మీకి గ్రీన్ బఫెలోస్, ఎయిర్‌ఫోర్స్‌కు రెడ్ యారోస్, పోలీసులకు న్‌క్వాజి అని క్లబ్బులున్నాయి, వాటికి ఆడవాళ్ల జట్లున్నాయి. మనకు రైల్వే, పోలీసు స్పోర్ట్స్ కోటా ఎలాగో అక్కడ అలా.

వీటికంటే ముఖ్యమైంది, ఆఫ్రికా దక్షిణ భాగంలోని దేశాలన్నీ కలిసి పెట్టుకున్న కొసాఫా మహిళల టోర్నీ. 2002లో మొదలై మధ్యలో ఆగుతూ సాగింది, 2017 నుంచి 2024 దాకా ఏటా జరిగింది, కరోనా ఏడాది కూడా ఆపలేదు. ఆ టోర్నీలో పెద్ద జట్లూ ఉంటాయి, కొమొరోస్ లాంటి చిన్న దీవుల జట్లూ ఉంటాయి. 2019లో దక్షిణాఫ్రికా కొమొరోస్‌ను 17-0తో ఓడించింది. పదిహేడు! ఆ దక్షిణాఫ్రికా ఆడవాళ్ల జట్టు 1993లో తన మొట్టమొదటి మ్యాచ్‌లో స్వాజిలాండ్‌ను 14-0తో ఓడించింది. ఇప్పుడు ఎస్వతీని అని పేరు మార్చుకున్న ఆ స్వాజిలాండ్ ఇప్పటికీ జట్టును పంపుతూనే ఉంది. ఇన్ని గోల్స్ తిన్నవాళ్లను మళ్లీ రావద్దని ఎవరూ అనలేదు. 2019 ఫైనల్లో జాంబియా దక్షిణాఫ్రికా చేతిలో 1-0తో ఓడింది, 2022 ఫైనల్లో అదే స్కోరుతో గెలిచింది. మధ్యలో ఉన్నవన్నీ మ్యాచ్‌లే.

దక్షిణాఫ్రికా జట్టును కూడా ఒక్క మాటలో చెప్పి ఊరుకోలేను. 1993లో ఆ మొదటి మ్యాచ్ ఆడిన డిజైరీ ఎలిస్ తర్వాత కెప్టెన్ అయింది, ఆ తర్వాత కోచ్ అయింది. ఆమె కోచ్‌గా ఉండగానే జట్టు 2022లో మొరాకోను వాళ్ల రాజధానిలోనే 2-1తో ఓడించి ఆఫ్రికా కప్ గెలిచింది. 2019 ప్రపంచకప్‌లో ఆడిన మూడూ ఓడిపోయిన జట్టు, 2023లో ఇటలీని 3-2తో ఓడించి నాకౌట్‌కు వెళ్లింది. ఆ మ్యాచ్ గెలిపించిన గోల్ ఇంజరీ టైమ్‌లో కొట్టిన తెంబి క్గట్లానా ఇంట్లో ఆ కొద్ది వారాల్లోనే ముగ్గురు చనిపోయారు. అయినా వచ్చి ఆడింది. మ్యాచ్ ఫీజులు, గ్రౌండ్ బాగాలేదని వాళ్ల సంఘంతో గొడవపడి ప్రపంచకప్‌కు ముందు ఒక మ్యాచ్ మానేసిన అమ్మాయిలే వీళ్లు. ఆడేవాళ్లు అడిగితే తప్ప ఏదీ రాదని నాకు అర్థమైంది, అందుకే నేనూ అడుగుతున్నాను.

మన దేశం సంగతికి వస్తాను. 1980లో కోజికోడ్‌లో, 1983లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా మహిళల పోటీల్లో మన అమ్మాయిలు రన్నరప్. రెండుసార్లు ఆసియా ఫైనల్ ఆడిన జట్టు. తర్వాత ఏమైంది? పట్టించుకోవడం మానేశారు. 2009 ప్రాంతంలో ఏడాదిన్నరకు పైగా ఒక్క మ్యాచ్ కూడా ఆడకపోతే ఫిఫా ర్యాంకుల పట్టికలోంచే మన పేరు తీసేశారు. ఓడిపోయి కాదు, ఆడకపోవడం వల్ల. 2022 అక్టోబర్‌లో అండర్-17 ప్రపంచకప్ మన దగ్గరే జరిగింది, భువనేశ్వర్‌లో మన పిల్లలు అమెరికా చేతిలో 8-0, మొరాకో చేతిలో 3-0, బ్రెజిల్ చేతిలో 5-0తో ఓడారు. అప్పుడు కూడా ఈ పెద్దాయన రాసిన మాటలే చాలామంది అన్నారు. కానీ 2025 జులైలో మన సీనియర్ జట్టు థాయ్‌లాండ్‌ను వాళ్ల దేశంలోనే 2-1తో ఓడించి, మొదటిసారి అర్హత పోటీలు గెలిచి ఆసియా కప్‌లో చోటు సంపాదించింది. రెండు గోల్సూ సంగీతా బస్ఫోర్‌వి. అదే ఏడాది అండర్-20 అమ్మాయిలు, అండర్-17 అమ్మాయిలు కూడా వాళ్ల వాళ్ల ఆసియా కప్పులకు అర్హత సాధించారు. మన తెలుగమ్మాయి, నిజామాబాద్ జిల్లా సౌమ్య గుగులోత్ దేశం జట్టులో ఆడుతోంది. మా పిల్లలకు ఆమె పేరు నేను చెబితే తప్ప తెలియలేదు, మీ పేపర్లో ఫొటో వచ్చి ఉంటే తెలిసేది.

క్రికెట్ మీద నాకు కోపమేమీ లేదు. 2025 నవంబర్‌లో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను ఓడించి ప్రపంచకప్ గెలిచిన మరునాడు ప్రేయర్‌లో కడప శ్రీచరణి పేరు నేనే చెప్పించాను, మన సీమ పిల్ల కదా. ఆ జట్టు లీగ్ దశలో వరసగా మూడు మ్యాచ్‌లు ఓడింది. అంతకుముందు 2005లో, 2017లో ఫైనల్ దాకా వెళ్లి ఓడింది. ఓడారని ఆడవాళ్ల క్రికెట్ ఆపేసి ఉంటే ఆ రాత్రి మనం టపాకాయలు కాల్చేవాళ్లమా?

ఇక మా దగ్గర జరిగింది. స్కూలు పేరు, ఆఫీసు పేరు రాయను, ఎవరినీ బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు. కొన్నేళ్ల కిందట మా పిల్లలు పక్క జిల్లా జట్టుతో ఆడి 9-0తో ఓడిపోయారు. అవతలి వాళ్లు అనంతపురం వైపు పిల్లలు, అక్కడ ఆర్డీటీ అనే సేవా సంస్థ గ్రౌండ్లలో ఏళ్ల తరబడి ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు, చిన్నప్పటి నుంచి మ్యాచ్‌లు చూసి, ఆడి పెరిగారు. మా పిల్లలు అప్పటిదాకా ఆడిందల్లా వాళ్లలో వాళ్లే రెండు జట్లుగా విడిపోయి ఆడినదే. పెద్ద సైజు గోల్ పోస్టు చూడటం చాలామందికి అదే మొదటిసారి. మా గ్రౌండ్‌లో రెండు వెదురు బొంగులు పాతి పైన తాడు కడతాం.

మా గోల్‌కీపర్ అప్పుడు ఎనిమిదో తరగతి. గ్లవ్స్ లేవు, మగపిల్లల కిట్‌లోంచి వికెట్ కీపర్ గ్లవ్స్ అడిగి తెచ్చుకుని అవి పెద్దవై జారిపోతుంటే మణికట్టు దగ్గర రిబ్బన్లతో కట్టుకుంది. గ్రౌండ్ అంతా గులకరాళ్లు, మోచేతులు రెండూ గీరుకుపోయాయి. మ్యాచ్ అయ్యాక గాయాలు కడుగుతున్నాను, ఏడుస్తుందేమో, ఏం చెప్పి ఓదార్చాలా అని నేను ఆలోచిస్తుంటే ఆ పిల్ల అడిగింది, "వాళ్ల గోల్‌కీపర్ గోల్ కాడ నిలబడకుండా అంత ముందరికి ఎందుకొచ్చేసింది మేడం?" అని. నేను అంతకుముందు ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. బంతి తమవాళ్ల దగ్గర ఉన్నప్పుడు గోల్‌కీపర్ ముందుకొస్తే వెనక డిఫెన్స్‌లో ఒక మనిషి ఎక్కువైనట్టే అని, ఎదురుగా ఒక్కతే దూసుకొస్తే ముందుకెళ్లి అడ్డుకోవచ్చని అప్పుడు చెబితే ఒక్క నిమిషంలో అర్థమైంది. బస్సులో వచ్చేటప్పుడు డిఫెండర్ పిల్లకు అదే వివరిస్తోంది.

మరుసటి ఏడాది మా ఎంట్రీ పంపలేదు. "ఏంది మేడం, ఆడబిడ్డల్ని అంత దూరం తీసుకుపోయి తొమ్మిది గోల్సు తినేసి వచ్చినారు, ఈసారి ఖో-ఖో చూడండి, దాంట్లో అయితే ఛాన్సుంది" అన్నారు. నేను వాదించాను, వినలేదు. ఆ పై ఏడాదికి ఆ పిల్ల టెన్త్‌కు వచ్చింది. సాయంత్రం స్పెషల్ క్లాసులు, ఇంట్లో ఆటలింక చాలన్నారు. ముందుకొచ్చి నిలబడటం నేర్చుకున్న పిల్ల ఇంకో మ్యాచ్‌లో ముందుకొచ్చి నిలబడలేకపోయింది. పెద్దాయన బస్సు ఛార్జీలు లెక్క వేశారు కదా, ఈ నష్టం కూడా ఆ లెక్కలో కలపమని అడుగుతున్నాను.

తల్లిదండ్రుల భయాలు నేను తీసిపారేయను. పొట్టి నిక్కర్లని, ఎండలో నల్లబడుతుందని అనేవాళ్లను ఒప్పించడం అంత కష్టం కాదు. లెగ్గిన్స్ మీద షార్ట్స్ వేసుకుని ఆడొచ్చని చెబితే సగంమంది ఒప్పుకుంటారు. వాళ్ల అసలు భయం వేరు, పిల్ల రాత్రిపూట ఎక్కడ పడుకుంటుంది, వెంట ఎవరుంటారు అని. ఆ భయం న్యాయమైంది. జాంబియాలోనే 2022లో మహిళల ఫుట్‌బాల్‌లో లైంగిక వేధింపుల ఆరోపణలొస్తే అక్కడి సంఘం ఆ విషయాన్ని ఫిఫాకు పంపాల్సి వచ్చింది. గెలుపులు చెప్పి ఈ సంగతి దాచిపెడితే నేను పిల్లలకు ద్రోహం చేసినదాన్ని అవుతాను. ఆడపిల్లల జట్టు వెంట తప్పనిసరిగా ఒక లేడీ టీచర్ ఉండాలి, బస చేసే చోట తలుపుకు గడియ, బాత్రూముకు నీళ్లు ఉండాలి, ఏదైనా జరిగితే భయపడకుండా చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండాలి. ఇవి ఉంటే పంపుతామనే తల్లులు మా ఊళ్లో చాలామంది ఉన్నారు.

దీనివల్ల ఏమొస్తుంది మేడం అని అడిగేవాళ్లకు ఒకటి చెబుతాను. కోస్టారికా మీద మూడో గోల్ కొట్టిన రేచెల్ కుందనంజిని 2024 ఫిబ్రవరిలో అమెరికా క్లబ్ బే ఎఫ్‌సీ ఏడు లక్షల ఎనభై వేల డాలర్లకు పైగా ఇచ్చి తీసుకుంది, మన డబ్బుల్లో ఆరు కోట్లు దాటుతుంది. అప్పటికి ఆడవాళ్ల ఫుట్‌బాల్‌లో ప్రపంచ రికార్డు అది. మగవాళ్లలో గానీ ఆడవాళ్లలో గానీ ఆఫ్రికా నుంచి ట్రాన్స్‌ఫర్ ప్రపంచ రికార్డు సాధించిన మొదటి మనిషి ఆమే. నెల తిరక్కుండానే బండాను ఓర్లాండో ప్రైడ్ ఏడు లక్షల నలభై వేల డాలర్లకు తీసుకుంది, ఆ నవంబర్‌లో లీగ్ ఫైనల్లో ఒకే ఒక్క గోల్ కొట్టి కప్పు తెచ్చి పెట్టింది ఆమే. మా పిల్లలు అమెరికా పోతారని నేను ఎవరినీ మభ్యపెట్టను. డిగ్రీ కాలేజీలో స్పోర్ట్స్ సీటు, పోలీసు సెలక్షన్‌లో పరుగు, ఒక పీఈటీ ఉద్యోగం, ఇవి మాత్రం నా కళ్ల ముందు వచ్చినవే.

నేను అడిగేవి పెద్దవి కావు. పోయిన ఏడాది స్కోరు చూసి ఈ ఏడాది ఎంట్రీ ఆపొద్దు. సెలక్షన్స్ అంటే పిల్లల్ని పిలిచి, పరుగెత్తించి, నాలుగు బంతులు తన్నించి పేర్లు రాసుకోవడం కాదు, జట్లుగా ఆడించి చూడాలి. 2022లో చిత్తూరు జిల్లా మూడు ముక్కలయ్యాక ఒక్కో జిల్లాలో ఆడపిల్లల జట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా మిగల్లేదు, కాబట్టి తిరుపతి, చిత్తూరు, అన్నమయ్య జిల్లాల స్కూళ్లను కలిపి శనివారాల్లో చిన్న లీగ్ పెడితే పిల్లలకు ఏడాదంతా మ్యాచ్‌లుంటాయి. ఆఫ్రికా దక్షిణ భాగంలో దేశాలకు దేశాలే కలిసి చేసుకుంటున్నాయి, మనం మూడు జిల్లాలు కలవలేమా? తిరుపతిలో మహిళా యూనివర్సిటీ ఉంది, ఎస్వీ యూనివర్సిటీ ఉంది, పెద్ద పెద్ద మైదానాలున్నాయి. నెలకొక శనివారం ఆడపిల్లల ఫుట్‌బాల్‌కు ఇస్తే వాళ్లకు పోయేదేమీ లేదు. మీటింగులకు, ఎగ్జిబిషన్లకు గ్రౌండ్లు ఇచ్చినప్పుడు షెడ్ల కోసం తవ్విన గుంతలు పూడ్పించి అప్పగించమని కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది, మా పిల్లల కాళ్లు మడతపడేది ఆ గుంతల్లోనే.

మీ పేపర్‌కు నా విన్నపం, జిల్లా పేజీలో ఆడపిల్లల మ్యాచ్ ఫలితం వేసినప్పుడు స్కోరుతో పాటు గోల్ కొట్టిన పిల్ల పేరు వేయండి, ఓడిన జట్టు గోల్‌కీపర్ ఎన్ని బంతులు ఆపిందో కూడా ఒక వాక్యం వేయండి. మా వైపు ఇళ్లలో పిల్ల పేరు పేపర్లో పడిన ముక్కను కత్తిరించి దేవుడి పటం పక్కన అంటిస్తారు, మర్నాడు ప్రాక్టీసుకు పంపించమని నేను బతిమాలాల్సిన పని ఉండదు.

ఈ ఏడాది కూడా మాకు జట్టు ఉంది. ఎక్కువమంది ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ఏ స్కూలు ఆడపిల్లల జట్టు అయినా సరే, ప్రైవేటు అయినా గవర్నమెంటు అయినా, మాతో ఆడాలనుకుంటే రండి, లేదా మమ్మల్ని పిలవండి. ఏ శనివారమైనా పర్వాలేదు. ఎన్ని గోల్స్ తేడా వచ్చినా మళ్లీ వచ్చే నెల ఇంకో మ్యాచ్ ఆడదాం. పెద్దాయన వస్తానంటే ఆయనకు కుర్చీ వేయించే పూచీ నాది. ఆడదలచిన స్కూళ్ల వివరాలు మీ ఆఫీసుకు వస్తే దయచేసి నాకు పంపించండి, కవర్ మీద నా అడ్రస్ ఉంది.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు,
చిత్తూరు జిల్లా